పడమటి పడకగది ఎంతకీ చల్లబడదు, కరెంటు బిల్లు మాత్రం ఆగదు: కిటికీలన్నీ డబుల్ గ్లాస్‌కు మార్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: విజయవాడలో నాలుగో అంతస్తు ఫ్లాటు, పడమటి పడకగది, ఐదడుగుల వెడల్పు నాలుగడుగుల ఎత్తున్న అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. ఒకటిన్నర టన్నుల ఏసీ సాయంత్రం వేస్తే రాత్రి పదకొండు దాటినా ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. చూడటానికి వచ్చిన అమ్మకందారు కిటికీలన్నీ పీకేసి, మధ్య ఖాళీతో రెండు అద్దాలుండే డబుల్ గ్లాస్‌ను యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేములతో పెట్టించమని లక్షల్లో లెక్క వేసి ఇచ్చాడు. మార్చాలా, ఉన్నవాటినే బాగు చేసుకోవచ్చా?

ఇప్పుడే మార్చకండి. మాదీ ఇదే ఊరు, ఇలాంటి గదే. ఉన్న కిటికీలను, తలుపులను ఏటా ఒకసారి శ్రద్ధగా చూసుకుని, చిన్న చిన్న మరమ్మతులతోనే వేసవులు గడుపుతున్నాం. మన దగ్గర కిటికీ చేసే నష్టం మూడు దారుల్లో ఉంటుంది. ఒకటి, అద్దం గుండా నేరుగా లోపలికి పడే ఎండ. రెండు, సందుల్లోంచి దూరే తేమగాలి. మూడు, అద్దం తాను వేడెక్కి ఆ వేడిని లోపలికి దింపడం. మీ గదికి సంబంధించినంత వరకు వాటి ప్రాధాన్యం కూడా ఈ వరసలోనే ఉంటుంది. మీకు అమ్మజూపుతున్న మామూలు డబుల్ గ్లాస్ ముఖ్యంగా మూడోదానికి మందు.

నోటిమాటగా చెబితే నమ్మకపోవచ్చు, లెక్క చూడండి. బయట 40 డిగ్రీలు, లోపల 25 అనుకుందాం. మామూలు ఒంటి అద్దం గుండా ఈ 15 డిగ్రీల తేడాకు చదరపు మీటరుకు దాదాపు 85 వాట్ల వేడి లోపలికి వస్తుంది. డబుల్ గ్లాస్ పెడితే అది సగానికి, అంటే 40 చిల్లరకు దిగుతుంది. అదే మే నెలలో సాయంత్రం నాలుగింటప్పుడు పడమటి గోడ మీద చదరపు మీటరుకు 500 నుంచి 600 వాట్ల ఎండ పడుతుంది. తెల్లటి ఒంటి అద్దం అందులో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. తెల్లటి డబుల్ గ్లాస్ కూడా 70 శాతం దాకా వదిలేస్తుంది. మీ కిటికీ వైశాల్యం రెండు చదరపు మీటర్లకు కాస్త తక్కువ కాబట్టి, ఆ వేళకు ఎండ ఒక్కటే 800 వాట్లకు పైగా వేడిని గదిలోకి తెస్తోందన్నమాట. ఒకటిన్నర టన్నుల ఏసీ లాగగలిగే వేడి 5,200 వాట్ల చిల్లర. దాని శక్తిలో ఆరో వంతు ఆ అద్దానికే సరిపోతోంది. లక్షలు పోసి డబుల్ గ్లాస్ పెట్టించినా ఆ ఎండలో పెద్ద భాగం లోపలికి వస్తూనే ఉంటుంది.

అందుకని మొదటి పని ఎండను అద్దానికి బయటే ఆపడం. లోపలి పరదా ఎంత మందంగా ఉన్నా, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. పరదా వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అద్దం వైపు తెల్లటి అస్తరు ఉంటే కొంత మేలు, అంతకు మించి ఆశించకండి. కిటికీ పైన సన్‌షేడ్ ఉంది కదా అనుకోవచ్చు. అది దక్షిణం కిటికీకి బాగా పనికొస్తుంది, పడమటి కిటికీకి కాదు. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి ఎదురుగా కొడతాడు, రెండడుగుల సన్‌షేడ్ అతన్ని ఆపలేదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. విజయవాడ ఉన్న అక్షాంశానికి మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కణ్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఉత్తరం వైపునే తిరుగుతాడు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఉత్తరం కిటికీకి కూడా పొద్దునా సాయంత్రం ఎండ తగులుతుంది. ఉత్తరం కదా అని దాన్ని వదిలేయకండి.

బయట కట్టడానికి మేము వెదురు చిక్ తెర వాడుతున్నాం. గ్రిల్‌కు కట్టి, అద్దానికీ తెరకూ మధ్య అర అడుగు దాకా ఖాళీ వదిలాం, వేడెక్కిన గాలి పైకి పోవాలి కదా. దానికంటే చవకైనది షేడ్ నెట్. కడియం నర్సరీల్లో మొక్కల మీద పందిరిగా వేస్తారే, అదే. 50 శాతం, 75 శాతం, 90 శాతం నీడ ఇచ్చే రకాలు దొరుకుతాయి. పడమటి కిటికీకి 75 చాలు, 90 వేస్తే గది మరీ చీకటి అవుతుంది. నాలుగో అంతస్తు కాబట్టి నాలుగు మూలలా గట్టిగా కట్టాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వస్తే విప్పి లోపల పెట్టాలి. అపార్టుమెంటు సంఘం వాళ్లు బయటికి కనబడే రంగు గురించి పేచీ పెట్టవచ్చు, ముందే అడిగి కట్టండి. మా తాతల కాలపు వట్టివేళ్ల తడికలు కట్టుకోవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. పొడి వడగాలి వీచే మధ్యాహ్నాలు కిటికీ తెరుచుకుని పడుకునేవారికి అవి ఇప్పటికీ గొప్పవే. ఏసీ వేసి తలుపులు మూసుకున్న గదికి వాటితో పని లేదు.

బయట ఏమీ కట్టే వీలు లేకపోతే అద్దానికి ఫిల్మ్ అంటించుకోవచ్చు. అమ్మేవాళ్లు 99 శాతం అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని గొప్పగా చెబుతారు. అందులో అబద్ధం లేదు గానీ ఎండ శక్తిలో ఆ కిరణాల వాటా ఐదు శాతం లోపే. మిగతాదంతా కంటికి కనబడే వెలుగు, కనబడని పరారుణ కిరణాలు. మొత్తం సౌరశక్తిలో ఎంత శాతం ఆపుతుందో అడగండి, ఆ అంకె చెప్పలేకపోతే ఆ ఫిల్మ్ వద్దు. బాగా ముదురు రంగు ఫిల్మ్ వేస్తే అద్దమే ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది. సగం నీడ సగం ఎండ పడే చోట అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది.

ఇక రెండో శత్రువు, సందులు. తేమ సంగతి పట్టించుకోకుండా ఏసీ గురించి మాట్లాడటం కోస్తాలో దండగ. వర్షాలకు ముందు ఉక్కపోత రోజుల్లో బయటి గాలిలో కిలోకు 20 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. ఏసీ గదిలో అందులో సగమే. మీది పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గది అనుకుంటే, గంటకు ఒక్కసారి గది గాలి మొత్తం మారినా దాదాపు అర లీటరు నీటిని ఏసీ పిండి బయట పోయాలి. గాలిని చల్లబరచడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. ఏసీ నీటి గొట్టం కింద బకెట్ పెట్టి చూడండి. సందులు మూయక ముందు, మూసిన తర్వాత ఒకేలాంటి ఉక్క రాత్రుల్లో నీటి మట్టం పోల్చుకుంటే మీ పని ఎంతవరకు ఫలించిందో తెలిసిపోతుంది. మా ఇంట్లో తేడా కంటికి ఆనింది.

సందులను పట్టుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు, అగరుబత్తి చాలు. ఫ్యానూ ఏసీ ఆపేయండి. ఇంట్లో కిటికీలన్నీ మూసి, పడకగది తలుపు తెరిచి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. అది ఇంట్లో గాలిని బయటికి లాగుతుంది కాబట్టి బయటి గాలి ఎక్కడ సందు దొరికితే అక్కణ్నుంచి లోపలికి వస్తుంది. పరదాలు పక్కకు జరిపి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ చుట్టూ అంగుళం దూరంలో నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తుంటే ఫరవాలేదు. ఒక చోట ఒక్కసారిగా మీ ముఖం వైపు వంగితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఈ పరీక్షకు బద్ధకిస్తే కనీసం రాత్రి గదిలో దీపం ఆపి, బాల్కనీ వైపు నుంచి ఎవరినైనా టార్చి వేయమనండి, వెలుతురు గీతలు కనబడతాయి. సాయంత్రం దోమలు దూరుతున్నాయంటే గాలి కూడా దూరుతున్నట్టే.

మా కిటికీలో పొగ ఎక్కువగా వంగింది రెండు చోట్ల. మొదటిది రెండు రెక్కలు మధ్యలో కలిసే నిలువు పట్టీ దగ్గర. రెండోది కింది ట్రాక్ మూలల్లో. రెక్కను పైకెత్తి, కింది భాగం మీ వైపు లాగితే బయటికి వచ్చేస్తుంది. బరువుగా ఉంటుంది, ఇద్దరు ఉండాలి, నాలుగో అంతస్తులో బయట గ్రిల్ లేకపోతే ఈ పని మేస్త్రికే వదిలేయండి. తీసిన రెక్క అంచుల్లో సన్నటి గాడి ఉంటుంది, అందులో ఊలులాంటి బ్రష్ పట్టీ దూర్చి ఉంటుంది. కొత్తలో అది నిటారుగా నిలబడి ఫ్రేముకు ఆనుకుంటుంది. మా దాంట్లో అది పూర్తిగా పడుకుని, దుమ్ముతో జిడ్డెక్కి, వేలితో గీరితే పొడిలా రాలింది. ట్రాక్ మూలలో తల వెంట్రుకలు, చీమల మట్టి, రెండు బల్లి గుడ్ల పెంకులు. ఆ చెత్త ఎత్తున రెక్క పైకి లేచి ఉండటంతో పక్క ఫ్రేములో సరిగ్గా కూర్చోవడం లేదు. చాలా పాత స్లైడింగ్ కిటికీల జబ్బు ఇదే, దీనికి కిటికీ మార్చడం మందు కాదు.

పాత పట్టీ ముక్క కోసుకుని అల్యూమినియం సామాను అమ్మే దుకాణానికి తీసుకెళ్లండి. పట్టీ అడుగు భాగం వెడల్పు, ఊలు ఎత్తు రెండూ కలవాలి. ఎత్తు తక్కువైతే సందు అలాగే ఉంటుంది, ఎక్కువైతే రెక్క జరగదు. మీటర్ల లెక్కన అమ్ముతారు, ధర నామమాత్రం. రెక్క కింది చక్రాలు అరిగి ఉంటే అప్పుడే మార్పించండి. చక్రం పక్కనున్న మరను తిప్పితే రెక్క ఎత్తు కొద్దిగా సరిచేసుకునే వీలు చాలా రకాల్లో ఉంటుంది. రెక్క నిటారుగా కూర్చుంటేనే కొక్కెం గట్టిగా పడుతుంది. దోమల జాలి రెక్క ఉంటే దాని అంచుల బ్రష్ కూడా చూడండి.

ట్రాక్‌ను ఆరిన బ్రష్‌తో ఊడ్చి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. గ్రీజు, కొబ్బరినూనె పోయకండి, దుమ్ము వచ్చి ముద్ద కడుతుంది. తెరుచుకునే రెక్కల కిటికీలకు నల్ల రబ్బరు బీడింగ్ ఉంటుంది, దానికి కిరోసిన్, ఇంజను ఆయిల్ తగలనివ్వకండి. రబ్బరు ఉబ్బి పాడవుతుంది, సిలికాన్ స్ప్రే మంచిది. ఆ రకం కిటికీకి కాగితం పరీక్ష సులువు: సన్నటి కాగితం ముక్క మధ్యలో పెట్టి రెక్క మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే బీడింగ్ బాగున్నట్టు, సులువుగా జారి వస్తే బీడింగ్ గట్టిపడిందనో, బందులు వదులయ్యాయనో అర్థం. స్లైడింగ్ కిటికీకి ఈ పరీక్ష పనికిరాదు, బ్రష్ కాగితాన్ని అంత గట్టిగా పట్టుకోదు.

ఒక హెచ్చరిక. ట్రాక్ కింద, బయటి వైపు చిన్న రంధ్రాలు ఉంటాయి. ట్రాక్‌లో పడ్డ వాననీరు బయటికి పోవడానికి వాటిని పెట్టారు. మా పక్క ఫ్లాటులో మేస్త్రి ఉత్సాహంగా సిలికాన్ (ట్యూబులో వచ్చే, సందులు పూడ్చే ముద్ద) పట్టించి వాటినీ మూసేశాడు. మొదటి పెద్ద వానకే నీరు ట్రాక్ నిండి గదిలోకి పొర్లి, మంచం కిందికి పారింది. సిలికాన్ వేయాల్సింది ఫ్రేముకూ గోడకూ మధ్య బీటలో, అది కూడా బయటి వైపు, గోడ బాగా ఆరి ఉన్నప్పుడు. ట్యూబు తెరిస్తే వెనిగర్ వాసన ఘాటుగా వచ్చే రకం సిమెంటు గోడను సరిగా పట్టుకోదు, లోహాన్ని కూడా తింటుంది. న్యూట్రల్ రకం అడగండి. సిలికాన్ ఎండను బాగానే తట్టుకుంటుంది గానీ అంచుల్లో గోడను వదిలేయవచ్చు, తొలకరికి ముందు ఒకసారి గోటితో నొక్కి చూడండి. ఏసీ రాగి గొట్టాలు గోడ దాటే రంధ్రాన్ని కూడా అక్కడే చూసుకోండి. ఏసీ బిగించినవాళ్లు దాన్ని సగం సగం మూసి పోవడం మామూలే.

ఇంతా చేసి బాత్రూమును మరిచిపోతారు. పడకగదికి ఆనుకున్న బాత్రూములో అద్దపు పలకల వెంటిలేటర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బాత్రూము తలుపు ఓరగా ఉంటే ఏసీ గాలి నేరుగా ఊళ్లోకి పోతున్నట్టే. తలుపు మూసి ఉంచడం అలవాటు చేసుకుంటే చాలు. కానీ లోపల గ్యాస్ గీజరు ఉంటే మాత్రం ఆ వెంటిలేటర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకండి. మూసిన బాత్రూములో గ్యాస్ గీజరు వదిలే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. వంటింటి గాలి దారులు కూడా అంతే, గ్యాస్ పొయ్యి ఉన్నచోట బిగింపు పనులు వద్దు.

తలుపుల్లో పడకగది తలుపే కీలకం. వీధి గుమ్మానికి గడప ఉంటుంది కాబట్టి కింద సందు తక్కువ. లోపలి గదులకు ఇప్పుడు గడపలు పెట్టడం లేదు. మూడడుగుల తలుపు కింద ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే మొత్తం 90 చదరపు సెంటీమీటర్ల కంత, గోడకు అరచేయంత రంధ్రం పెట్టినట్టు లెక్క. తలుపు కింద తొడిగే రెండు గొట్టాల గుడ్డ పట్టీ దొరుకుతుంది, మరలు అక్కర్లేదు, మాకు అదే సరిపోయింది. పూర్తిగా గాలి చొరకుండా బిగించాలనే పట్టుదల మాత్రం వద్దు. ఇద్దరు ముగ్గురు పడుకునే గదిలో తెల్లారేసరికి గాలి బరువెక్కుతుంది, పొద్దున్నే కిటికీలు బార్లా తెరవండి.

తలుపు నేలకు రాసుకుంటోందని వానాకాలంలో వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. చెక్క తేమకు ఉబ్బుతుంది, వేసవికి మళ్లీ సర్దుకుంటుంది. ఆగస్టులో చెక్క తీసేస్తే ఏప్రిల్‌లో అక్కడ వేలు దూరేంత సందు తేలుతుంది. ముందు పై బందు చూడండి. తలుపు అంచు పట్టుకుని పైకి ఎత్తితే టకటకమని కదిలితే మరలు వదులయ్యాయని అర్థం. మర తీసి, ఆ రంధ్రంలో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్లలు బిగించి, ఆరాక మర మళ్లీ ఎక్కిస్తే తలుపు తన చోటికి వస్తుంది. పైన ఒక మూల వెడల్పుగా కనబడే సందు కూడా దాంతోనే పోతుంది.

మీరు చెప్పిన రాత్రి పదకొండు సంగతికి వస్తాను. ఎండ పోయి నాలుగైదు గంటలైనా గది వేడిగా ఉందంటే అందులో కొంత భాగం కిటికీది కాదు. రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి, తూర్పు గోడతో పోల్చండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం తాగిన వేడిని రాత్రికి లోపలికి వదులుతుంది. దానికి బయట లేత రంగు సున్నమో, నీడో కావాలి. ఎంత ఖరీదైన కిటికీ పెట్టినా ఈ భాగం తగ్గదు. ఈ మాట అమ్మకందారు చెప్పడు.

బిల్లు విషయంలో ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు శ్లాబుల లెక్క కాబట్టి, మీరు ఆదా చేసే యూనిట్లు పై శ్లాబు నుంచే తగ్గుతాయి. మీ వాడకం నెలకు 400 యూనిట్లు దాటుతుంటే ఆ పై యూనిట్ ధర 9 రూపాయల 75 పైసలు. ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టడం, ఫ్యాన్ తోడుగా వేయడం మీకు తెలిసినవే.

ఇవన్నీ చేశాక కూడా కిటికీ ఫ్రేము వంకరపోయిందనో, రోడ్డు చప్పుడు భరించలేమనో మార్చాలనుకుంటే తప్పేమీ లేదు. పడమటి కిటికీ ఒక్కటే మార్చి చూడండి. అమ్మేవారిని రెండు అంకెలు రాతపూర్వకంగా ఇమ్మనండి: యూ-వాల్యూ, ఎస్‌హెచ్‌జీసీ. మొదటిది వేడి ఎంత దిగుతుందో చెబుతుంది, రెండోది ఎండ ఎంత లోపలికి వస్తుందో. పడమటి కిటికీకి రెండోదే ముఖ్యం, 0.3 దరిదాపుల్లో ఉన్న లో-ఈ పూత (వేడి కిరణాలను వెనక్కి పంపే సన్నటి పూత) అద్దం అడగండి. తెల్లటి డబుల్ గ్లాస్‌కు అది 0.7 దాకా ఉంటుంది. స్లైడింగ్ కాకుండా రెక్కలు తెరుచుకునే రకం తీసుకుంటే రబ్బరు బీడింగ్ మీద నొక్కుకుని మూసుకుంటుంది, గాలి చొరబాటు బాగా తగ్గుతుంది. తెరిచినప్పుడు కూడా తేడా ఉంది. ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత లెక్కలో రెక్కల కిటికీ 90 శాతం తెరుచుకుంటుందని తీసుకుంటారు, రెండు పలకల స్లైడింగ్‌కు 50 శాతమే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనం ఏసీ లేకుండా బతికేది ఆ తెరిచిన భాగం పుణ్యాన్నే. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి దోమల జాలి లోపలి వైపు విడిగా పెట్టాలి. దాని ఖర్చు కొటేషన్‌లో చాలాసార్లు కలపరు, ముందే అడిగి రాయించుకోండి.